కాడిలోని తోడు
క్రొత్త విద్యార్థికి ముందటి విద్యార్థి చేయదగిన పరిచర్య

పఠనభాగములు: దానియేలు 1 అధ్యాయము, 2:17-18, 49, 3:8-18, ఫిలిప్పీయులకు 4:3

పై చదువులకు వెళ్లు పిల్లల కొరకు ప్రత్యేక ప్రార్థన చేయుట మన సంఘములలో చాల కాలముగా నున్న మంచి వాడుక. ఆదివారపు ఆరాధన ముగియక ముందు ఆ యువకుని, లేక ఆ యువతిని, ముందునకు పిలుతురు. కాపరి తలపై చెయ్యి యుంచి ప్రార్థించును. స్త్రీల సమాజమువారు ఒక బైబిలును బహూకరింతురు. తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనును. ఆ రాత్రి స్టేషను వరకు పదిమంది వచ్చి సాగనంపుదురు. రైలు కదలిన తరువాత ఆ బిడ్డ ఎవరి చేతిలో నున్నాడు? దేవుని చేతిలో, అని మనము చెప్పుదుము. అది సత్యమే. అయితే దేవుడు తన చేతిని సామాన్యముగా మనుష్యుల చేతుల ద్వారానే చాపును. దూరపు వసతిగృహములో ఆయన వాడుకొనదగిన చెయ్యి ఎవరిది అన్నదే ఈ పాఠములోని ప్రశ్న.

మొదటి మాసములో క్రొత్త విద్యార్థికి కలుగు కష్టములు పెద్దల కంటికి చిన్నవిగా కనబడును. తెలుగు మాధ్యమములో చదివి వచ్చినవాడు ఆంగ్ల ఉపన్యాసములో సగము మాటలను పట్టుకొనలేడు. ప్రక్కవాడు వ్రాసికొనుచుండగా తానును వ్రాసికొనుచున్నట్లు కలము కదలించును. లేచి ప్రశ్న అడిగిన యెడల తన ఉచ్చారణకు నవ్వుదురని భయము. భోజనశాలలో ఏ బల్ల యొద్ద కూర్చుండవలెనో తెలియదు. "నీ ర్యాంకు ఎంత?" అని ఎవరో అడుగుదురు. అడిగినది తెలివిని గూర్చి కాదు, కులమును గూర్చి అని వానికి వెంటనే తెలియును. ఇంటికి ఫోను చేసినప్పుడు "బాగున్నాను నాన్నా" అనును, ఏలయనగా ఆ తండ్రి అప్పుచేసి ఫీజు కట్టియున్నాడు. మొదటి పరీక్షలో మార్కులు రానప్పుడు, తాను ఇక్కడికి రాదగినవాడు కాడని తనలో తాను తీర్పు తీర్చుకొనును. ఆ తీర్పు తీర్చుకొన్న కొందరు పెట్టె సర్దుకొని ఇంటికి మరలిరి. కొందరు సజీవులుగా మరలలేదు.

ఆచార్యులున్నారు, వార్డెనున్నాడు, కొన్ని విద్యాలయములలో సలహాదారులును ఉన్నారు. వారి పని వారిదే. కాని రాత్రి 11 గంటలకు ఆ వసారాలో మెలకువగా నుండువాడు, ఒక సంవత్సరము ముందు అదే భయమును అనుభవించిన మరియొక విద్యార్థి.

బబులోను విద్యాలయము

దానియేలు గ్రంథపు మొదటి అధ్యాయమును మనము ఆదివారపు బడిలో భోజన విషయమైన శోధనగా బోధించుదుము. అది నిజమే గాని, ఆ అధ్యాయము ఒక విద్యాలయపు కథ కూడ. యౌవనులను ఏరి తెచ్చుట అందులో కలదు (1:4). పరాయి భాషలో విద్య కలదు. 3 సంవత్సరముల గడువు, ప్రభుత్వపు ఖర్చుతో భోజనము కలవు (1:5). చివరను రాజు ఎదుట మౌఖిక పరీక్ష కలదు (1:18-20). తలిదండ్రులు పెట్టిన పేరు సయితము ఆ ఆవరణలో నిలువదు (1:7). దేవుని నామమును లోపల దాచుకొనియున్న పేర్లను తీసివేసి, అన్యదేవతల వాసన గల పేర్లను అధికారి వ్రాసికొనెను. కళాశాలలో తన పేరును కురచచేసి, ఊరిని దాచి, ఇంటివారి వృత్తిని మార్చి చెప్పు నేటి విద్యార్థికి ఈ వచనము సులభముగా అర్థమగును.

8వ వచనములో తీర్మానము చేసికొన్నవాడు ఒక్కడే, దానియేలు. 12వ వచనమునకు వచ్చునప్పటికి అతడు తన కొరకు మాత్రమే కాక నలుగురి పక్షమున మాటలాడుచున్నాడు. పది దినములు తమ్మునందరిని పరీక్షించుమని కోరుచున్నాడు. ఈ మధ్యలో ఆ నలుగురి గదిలో ఏ మాటలు జరిగెనో గ్రంథకర్త వ్రాయలేదు. కాని ఏదో జరిగినది. ఒకని తీర్మానము నలుగురి నిలుకడగా మారినది. దానియేలు వారికి గురువు కాడు, అధికారి కాడు. అతడును చెరపట్టబడినవాడే, ఆ తరగతిలోనివాడే, అతని పేరును మార్చబడినదే.

రెండవ అధ్యాయములో మరణాజ్ఞ వెలువడినప్పుడు అతడు ఇంటికి పోయి స్నేహితులకు సంగతి తెలియజేసి, ప్రార్థించుడని వారిని కోరెను (2:17-18). ముందు నడచువాడు తన కష్టమును వెనుకవారికి దాచలేదని గమనించవలెను. తనకేమియు భయము లేనట్లు నటించువాడు ఎవనికిని తోడు కాలేడు.

కేంబ్రిడ్జి విద్యార్థి ఒకడు

హెన్రీ మార్టిన్ పేరు మన చదువరులలో అనేకులకు పరిచితమే. ఆయనను పండితునిగా, తర్జుమాదారునిగా, మిషనెరీ వీరునిగా ఎరుగుదురు. ఆయన మొదటి సంవత్సరపు విద్యార్థిగా ఎట్లుండెనో అంతగా చెప్పుకొనరు.

మార్టిన్ 1781లో ఇంగ్లండు దేశపు నైరుతి కొసనున్న కార్న్‌వాల్ సీమలో, ట్రూరో పట్టణమున జన్మించెను. తండ్రి మొదట గనులలో పనిచేసి, పిమ్మట ఒక వర్తకుని యొద్ద గుమాస్తా అయినవాడు. ట్రూరో పాఠశాలలో హెన్రీ బక్కపలుచని బాలుడు. బలమైన పిల్లలు వానిని బాధించుచుండిరి. అచ్చట కెంప్‌థార్న్ అను పెద్ద విద్యార్థి వానిని తన సంరక్షణలోనికి తీసికొని, కొట్టువారిని ఆపి, పాఠములలో సాయపడెను.

1797 అక్టోబరులో మార్టిన్ కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరెను. వయస్సు 16 సంవత్సరములు. అక్కడ గణితమే ప్రధానము, గణితమనగా మొదట యూక్లిడ్ రేఖాగణితము. అతనికి అది ఏమాత్రమును అర్థము కాలేదు. అర్థము కానిదానిని కంఠస్థము చేయనారంభించెను! మన దేశపు విద్యార్థులు ఈ మాట చదివి చిరునవ్వు నవ్వుదురు. ఆ ఉపాయము ఎంత పాతదో తెలిసికొని ఓదార్పు పొందుదురు.

అతని అధ్యాపకుడు రెండవ సంవత్సరపు విద్యార్థి నొకనిని పిలిచి, మొదటి సిద్ధాంతమే బోధపడని ఈ బాలునికి సాయము చేయుమని అప్పగించెను. ఆ విద్యార్థి వివరించెను, ఫలము లేదు. మార్టిన్ మిక్కిలి నిరాశపడి, చదువు మాని కార్న్‌వాల్‌నకు మరలిపోవ నిశ్చయించుకొనెను. ఆ రెండవ సంవత్సరపు విద్యార్థి అతని పోనీయక, మరియొక్కమారు ప్రయత్నింపుమని బ్రతిమాలెను. మరల కూర్చుండిరి. ఒక్కసారిగా విషయము తేటపడెను. 1801లో విశ్వవిద్యాలయపు గణిత పరీక్షలో ఆ హెన్రీ మార్టినే అందరిలో ప్రథముడుగా, అచ్చటివారు చెప్పు సీనియర్ రాంగ్లరుగా, నిలిచెను.

ఇక కెంప్‌థార్న్. అతడును ఆ కళాశాలవాడే. 1796లో తానే ఆ ప్రథమ స్థానమును పొందియుండెను. చదువు మనుష్యుల మెప్పు కొరకు కాక దేవుని మహిమ కొరకు చేయవలెనని అతడు మార్టిన్‌తో చెప్పినప్పుడు, ఆ మాట మార్టిన్‌కు వింతగా తోచెను, అయినను సబబుగానే తోచెను. అప్పటి మార్టిన్ భక్తిపరుడు కాడు, శాంతస్వభావుడును కాడు. ఒకమారు కోపోద్రేకమున ఒక స్నేహితునిపై కత్తి విసరగా, అది గురి తప్పి గోడలో గ్రుచ్చుకొనెను. ఇట్టివానిని కెంప్‌థార్న్ విడువలేదు. 1800 జనవరిలో మార్టిన్ తండ్రి మరణించెను. ఆ దుఃఖదినములలో ఈ స్నేహితుడే లేఖనములను చదువుమని అతని హెచ్చరించెను. మార్టిన్ బైబిలు తెరచి, అన్నిటికంటె ఆసక్తికరముగా నుండునను తలంపుతో అపొస్తలుల కార్యములతో ప్రారంభించెను. ఆసక్తి కొరకు తెరచిన గ్రంథము అతని పట్టుకొనెను.

1806లో అతడు భారతదేశమునకు వచ్చెను. ఉర్దూలోనికి క్రొత్త నిబంధనను తర్జుమా చేసెను. అది తరువాతి ఉర్దూ తర్జుమాలకు ఆధారమైనది. పారశీక దేశపు షీరాజు నగరములో ఫారసీ క్రొత్త నిబంధనను ముగించి, 1812 అక్టోబరు 16న టోకాట్ అను ఊరిలో, స్వజనులెవరును దగ్గర లేక, 31 సంవత్సరముల ప్రాయమున మరణించెను.

ఇద్దరు సహాయకులలో ఎవరి పని గొప్పదని అడుగుట మనకు అలవాటు. ఆత్మ సంగతి చెప్పినవాడే గొప్పవాడని వెంటనే బదులు చెప్పుదుము. కాని కెంప్‌థార్న్ మాట పనిచేయుటకు మార్టిన్ ఆ కళాశాలలో ఉండవలెను గదా! అతని అక్కడ నిలిపినది ఒక సాయంకాలపు రేఖాగణితము. క్రొత్తవానికి లెక్క నేర్పుటను ఆత్మీయ పరిచర్యకు ఎరగా కాక, అదియే పరిచర్యగా ఎంచవలెను.

ఒక గ్రీకు మాట

నేడు లోకమంతట వాడుకలోనున్న "మెంటర్" అను పదము హోమరు కావ్యములోని ఒక వృద్ధుని పేరు. రాజు దూరదేశమునకు పోవుచు తన ఇంటిని ఆ మెంటరునకు అప్పగించెను. ఎథీనా దేవత అతని రూపము ధరించి రాజకుమారునికి దారి చూపెను. అక్కడ మార్గదర్శి పెద్దవాడు, పైనుండి చెప్పువాడు. తోటి విద్యార్థి చేయు పనికి ఈ పదము సరిపోదు.

పౌలు ఫిలిప్పీయులకు వ్రాయుచు ఒకనిని పిలిచిన పిలుపు ఇంకను దగ్గరగా నున్నది. మన తెలుగు బైబిలులో "సహకారి" అని తర్జుమా చేయబడిన ఆ గ్రీకు పదము సుజుగోస్. దానిలోని ప్రధానాంగము కాడి. ఒకే కాడి క్రింద నున్న జతగాడని అర్థము. ప్రభువు తన కాడిని ఎత్తికొనుమని పిలిచిన చోటను (మత్తయి 11:29) ఆ కాడి మాటయే వాడబడినది. సహకారి అన్నప్పుడు అర్థము చెడలేదు గాని ఎద్దులు మాయమైనవి. మన రైతులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. క్రొత్త కోడెను అరకకు అలవాటు చేయునప్పుడు, దానిని ఒంటిగా కట్టరు, రెండు క్రొత్త కోడెలను జతగా కట్టరు. పనికి అలవాటుపడిన ఎద్దు ప్రక్కన పూన్చుదురు. ఆ ఎద్దు కోడెకు ఉపన్యాసమియ్యదు. తన మెడమీదను అదే కాడి ఉంచుకొని, చాలు తప్పక నడచును.

ఒకనికి ఆరుగురు

మన దేశములో పై తరగతి విద్యార్థియనగా కాడిలోని తోడుగా కాక, చిరకాలము భయకారణముగా నుండెను. ర్యాగింగు పేరిట జరిగిన హింస వలన ప్రాణములు పోయినవి. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ర్యాగింగు నిషేధ చట్టమును చేసెను. సుప్రీంకోర్టు జోక్యముతో 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., దేశమంతటికి నిబంధనలను ప్రకటించెను. శిక్షలను గూర్చిన భాగము అందరికి తెలియును. ఆ నిబంధనలలోనే మరియొక భాగమున్నది; దానిని చదివినవారు తక్కువ. ప్రతి విద్యాసంస్థయు ఏటేట సంవత్సరాంతమున, రానున్న క్రొత్తవారికి తోడుగా నుండుటకు స్వచ్ఛందముగా ముందుకు వచ్చు విద్యార్థులతో ఒక విభాగమును ఏర్పరచవలెను. 6గురు క్రొత్తవారికి ఒక తోడు; అట్టి తోడులు 6గురికి పై తరగతినుండి మరియొకడు. క్రొత్తవారికి తోడైనవానికిని ఒక తోడు కావలెనని నిబంధన వ్రాసినవారు గుర్తించుట మెచ్చదగినది.

2019లో యు.జి.సి. క్రొత్త విద్యార్థుల ప్రవేశ కార్యక్రమమును గూర్చి "దీక్షారంభ్" అను మార్గదర్శిని వెలువరించెను. కాగితముమీద కొదువ లేదు. అనేక కళాశాలలలో ఈ విభాగము ప్రకటన పలకమీది పేర్ల పట్టికతో ఆగిపోవును. స్వచ్ఛందముగా ముందుకు రండని పిలిచిన చోట క్రైస్తవ విద్యార్థులు మొదట లేచి నిలువరాదా? ప్రార్థన కూటము నడుపుటకు అనుమతి లేదని వగచుచున్నవారికి ఈ ద్వారము తెరచియే యున్నది.

అయితే ఒక హెచ్చరిక. ఆ 6గురిలో ఐదుగురు అన్యమతస్థులై యుండవచ్చును. కూటమునకు వచ్చినవానికే పాత ప్రశ్నపత్రములిచ్చి, రానివానిని మరచిపోవు సాయము సాయము కాదు, వ్యాపారము. అట్టిదానిని క్రొత్తవాడు పది దినములలో కనిపెట్టును.

మొదటి వారములలో చేయవలసినది చాల సామాన్యమైనది. గ్రంథాలయపు కార్డు ఎట్లు తీసికొనవలెను, స్కాలర్‌షిప్పు దరఖాస్తునకు ఏ పత్రములు కావలెను, ఏ ఆచార్యుని గది యొద్దకు ఏ వేళ పోవచ్చును, ప్రయోగశాల రికార్డు ఎన్నడు ఒప్పగింపవలెను, ఒక పేపరు తప్పినచో మరల ఎట్లు వ్రాయవచ్చును. ఈ చివరి సంగతి పరీక్షకు ముందే చెప్పవలెను. తప్పిన తరువాత చెప్పిన యెడల ఓదార్పువలె వినబడును గాని సమాచారమువలె వినబడదు. తాను తప్పిన పేపరును గూర్చి చెప్పుట ఇంకను మంచిది. రికార్డు వ్రాయు పద్ధతి చూపవచ్చును, వాని రికార్డు వ్రాసిపెట్టరాదు. యువతులకు యువతులే తోడుగా నుండుట మేలు. ర్యాగింగు చేయువారు తమ్మును "సార్" అని పిలువుమని బలవంతపెట్టుదురు. మన పిల్లల నోట సహజముగా వచ్చు పిలుపు "అన్నా", "అక్కా". ఆ పిలుపు చాలును, దానికి తగినట్లుండుట చాలును.

తోడైనవాడు వైద్యుడు కాడు. క్రొత్తవాడు నిద్రాహారములు మాని, బ్రతుకుటకు ఇష్టము లేదని చెప్పిన దినమున, "ఎవరికిని చెప్పకుము" అని ప్రమాణము చేయించుకొన్నను ఆ ప్రమాణమును నిలుపుకొనరాదు. వానిని ఒంటిగా విడువక, వార్డెనునకు, వైద్యునికి, ఇంటివారికి తెలియజేయవలెను. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి-మానస్ సహాయకేంద్రము 14416 సంఖ్యపై రేయింబవళ్లు పలుకును, తెలుగులోను పలుకును. ప్రార్థన చేయుదమని చెప్పి ఫోను చేయకుండుట విశ్వాసము కాదు.

ఆక్స్‌ఫర్డులోని మేలును కీడును

భక్తిగల విద్యార్థుల సాంగత్యము సయితము భారమై కూర్చుండవచ్చును. 1729లో ఆక్స్‌ఫర్డులో చార్లెస్ వెస్లీయు మరి కొందరును కూడి చదువ నారంభించిరి. అన్నయగు జాన్ వెస్లీ వారికి నాయకుడాయెను. 1732లో జార్జి వైట్‌ఫీల్డు అను పేదవాడు, గ్లాస్టరులోని ఒక సత్రము నడుపువారి కుమారుడు, అక్కడ చేరెను. ధనిక విద్యార్థులకు ఊడిగము చేసి ఫీజు తగ్గింపు పొందు తరగతివాడు గనుక ఇతర విద్యార్థులు అతనితో కలియరు. వెస్లీ గుంపును దూరమునుండి చూచి ఆశపడెను గాని దగ్గరకు పోవ ధైర్యము చాలలేదు. ఒక దీనురాలి ఆపద సంగతిని, తన పేరు చెప్పవద్దని, ఒక ఆపిలుపండ్లు అమ్మునామె ద్వారా చార్లెస్ వెస్లీకి తెలియజేసెను. ఆమె పేరు చెప్పివేసెను. మరునాడు చార్లెస్ అతనిని ఫలాహారమునకు పిలిచెను. ఊడిగపు విద్యార్థిని బల్ల యొద్దకు పిలుచుట ఆ దినములలో ఎంత మాటయో మన దేశపువారికి వివరింపనక్కరలేదు. చార్లెస్ అతనికి పుస్తకములు ఎరవిచ్చెను, స్నేహితుడాయెను.

అది మేలు. కాని ఆ గుంపులోని కఠిన నియమములను వైట్‌ఫీల్డు మరింత కఠినముగా పట్టుకొనెను. 1735 లెంటు దినములలో చలిలో ప్రార్థించుచు, ముతక రొట్టె తప్ప దాదాపు ఏమియు తినక, మెట్లు ఎక్కలేనంతగా క్షీణించి, వారములతరబడి రోగియై పడియుండెను. అతని కళాశాల అధ్యాపకుడు వైద్యుని పిలిపించెను. ఉత్సాహవంతులైన స్నేహితులు చూపలేని శ్రద్ధను ఆ అధ్యాపకుడు చూపెను. క్రొత్తవానికి మన ఉపవాసములను, మన జాగరణలను, మన కూటముల పట్టికను నేర్పుటకు ముందు, వాడు భోజనము చేసెనా అని అడుగవలెను.

దానియేలు లేని అధ్యాయము

మూడవ అధ్యాయము చదువునప్పుడు పిల్లలు తరచుగా ఒక ప్రశ్న అడుగుదురు: బంగారు ప్రతిమ దినమున దానియేలు ఎక్కడ? వ్యాఖ్యాతలు పలు విధముల ఊహించిరి. గ్రంథము చెప్పునదంతయు ఇది: అతని మనవిని బట్టి ముగ్గురు స్నేహితులు బబులోను సంస్థానపు పనిపై నియమింపబడిరి, అతడు రాజసన్నిధిని ఉండెను (2:49). తరువాతి అధ్యాయములో అతని పేరే లేదు. అగ్నిగుండము యెదుట ఆ ముగ్గురు అతనిని గూర్చి అడుగలేదు, అతని కొరకు గడువు కోరలేదు, అతని మాటలను వల్లించలేదు. తమ స్వంత మాటలతో రాజునకు ఉత్తరమిచ్చిరి (3:16-18).

మొదటి అధ్యాయములో వారి పక్షమున మాటలాడినవాడు ఒక్కడు. మూడవ అధ్యాయములో వారే మాటలాడిరి. తోడుగా నుండువానికి ఇది కష్టమైన భాగము. తన్ను వెదకికొని వచ్చు క్రొత్తవాడు మెల్లగా రావడము తగ్గించును. తాను నేర్పిన లెక్కలలో తన్ను మించును. మార్టిన్‌కు మొదటి సిద్ధాంతము నేర్పినవాని పేరు నేడు ఎందరికి తెలియును? కాని కోడె చాలు పట్టిన తరువాత దానిని మరల పాత ఎద్దు ప్రక్కననే కట్టవలెనని రైతు పట్టుపట్టడు. ఆ ఎద్దు ప్రక్కకు మరియొక క్రొత్త కోడె వచ్చును.

చర్చకు

1. మీ సంఘమునుండి ఈ సంవత్సరము దూరపు కళాశాలకు వెళ్లిన విద్యార్థులెవరు? వారు చేరిన చోట పై తరగతిలో నున్న మన సంఘపు బిడ్డ, లేక పరిచయస్థుడు, ఎవరైన కలరా? వారిద్దరికి ఒకరి ఫోను సంఖ్య మరియొకరికి ఇచ్చిన వారెవరు?

2. దానియేలు 1:8కిని 1:12కిని మధ్య ఆ నలుగురి గదిలో జరిగియుండదగిన సంభాషణను యౌవనులు తమ మాటలలో చెప్పి చూపుదురు గాక.

3. రహస్యముగా నుంచుమని ఒకడు చెప్పిన మాటను ఎప్పుడు దాచవలెను, ఎప్పుడు బయలుపరచవలెను?